ఒక చెంచా ఉప్పు అంటే ఎంత?

ఆవకాయ పాళ్లు తెలుగిళ్లలో చాలామందికి నోటికొచ్చు. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నెడు కారం, గిన్నెడు ఆవపిండి, గిన్నెడు ఉప్పు. ఊరూరికీ, ఇంటింటికీ కాస్త అటూ ఇటూ ఉంటుంది గానీ పద్ధతి ఇదే. గిన్నె చిన్నదా పెద్దదా అన్నది లెక్కలోకి రాదు, అన్నీ ఒకే గిన్నెతో కొలిస్తే చాలు. ఏలూరులో ఉన్న తల్లి ఏటా ఈ లెక్కతోనే జాడీ నింపుతుంది. డాలస్‌లో ఉన్న కూతురు ఫోన్లో అదే లెక్క చెప్పించుకుని, పొల్లుపోకుండా కలిపి, మూడోనాడు తిరగగలిపి ముక్క నోట్లో వేసుకుంటే చప్పగా తగులుతుంది. ఇంకొన్నాళ్లకు జాడీలో పైన తెల్లగా బూజు కడుతుంది.

తల్లి వాడింది ఎండబెట్టి మెత్తగా దంచిన కల్లుప్పు. కూతురు వాడింది అక్కడి దుకాణంలో దొరికిన కోషర్ ఉప్పు, అందులోనూ రేకుల్లా తేలిగ్గా ఉండే రకం. గిన్నెలు రెండూ నిండుగానే ఉన్నాయి. రెండో గిన్నెలో పడిన ఉప్పు మాత్రం మొదటిదాంట్లో దాదాపు సగమే. వంటింట్లో కాటా ఎందుకు అనే ప్రశ్నకు జవాబు కావాలంటే, ఆ మిగతా సగం ఏమైందో ముందు చూడాలి.

గిన్నెలో గాలి పాలు

ఉప్పు స్ఫటికం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.16 గ్రాములు. 5 మిల్లీలీటర్లు పట్టే టీ చెంచాను ఎక్కడా సందు లేకుండా గట్టి ఉప్పుగడ్డతో నింపగలిగితే దాదాపు 11 గ్రాములు పట్టాలి. కానీ ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పును చెంచాలో పోసి, పైన గీసి సమం చేసి తూచి చూడండి. 6 గ్రాముల దగ్గర ఆగుతుంది. తక్కిన చోటంతా గింజకూ గింజకూ మధ్య ఉన్న గాలిదే. అమెరికాలో డైమండ్ క్రిస్టల్ పేరుతో అమ్మే కోషర్ ఉప్పు అదే చెంచాకు 3 గ్రాముల లోపే తూగుతుంది. మోర్టన్ కంపెనీ కోషర్ ఉప్పు 5 గ్రాములకు కాస్త తక్కువ. రెండు డబ్బాల మీదా రాసి ఉండేది కోషర్ ఉప్పు అనే.

గుండ్రటి వస్తువులను పేరిస్తే ఎంత చోటు నిండుతుంది, ఎంత ఖాళీ మిగులుతుంది అన్నది గణితంలో పాత చిక్కు. అంగట్లో బత్తాయిలు పేర్చినట్టు ఒద్దికగా పేరిస్తే 74 శాతం నిండుతుందనీ, అంతకు మించి నింపే పద్ధతి లేదనీ 1611లో యోహానెస్ కెప్లర్ అన్నాడు. దాన్ని రుజువు చేయడానికి దాదాపు నాలుగు వందల ఏళ్లు పట్టింది. థామస్ హేల్స్ 1998లో రుజువు ప్రకటించాడు, కంప్యూటర్ల సాయంతో దాన్ని అక్షరం అక్షరం సరిచూడటం 2014కు గానీ పూర్తి కాలేదు. అయితే వంటింట్లో ఎవరూ గింజల్ని పేర్చరు, పోస్తారు. 1960 ప్రాంతంలో జె.డి. బెర్నాల్, జి.డి. స్కాట్ ఉక్కు గోళీలను పాత్రల్లో పోసి లెక్కగట్టారు. ఊరికే పోస్తే 60 శాతం, బాగా కుదిపితే 64 శాతం దాకా నిండుతుందని తేల్చారు. బియ్యం డబ్బా నింపి రెండు సార్లు నేలకు తట్టగానే పైన కాస్త ఖాళీ ఏర్పడటం మనకు తెలిసిందే. బియ్యం తగ్గలేదు, మధ్యలో గాలి బయటికి పోయింది.

గింజ ఎంత చిన్నదైతే ఈ చిక్కు అంత ముదురుతుంది. శనగ గింజ బరువు ముందు దాని పైపై అంటు ఏ మూలకూ రాదు, అది జారి కిందికి దిగుతుంది. మైదా, వరిపిండి రేణువుల దగ్గర కథ తిరగబడుతుంది. వాటి బరువు కన్నా ఒకదానికొకటి అంటుకునే బలమే ఎక్కువ. అందుకే పిండి రేణువులు ఒకదాని మీద ఒకటి వంతెనల్లా నిలిచిపోయి, లోపల బోలెడు గాలిని పట్టి ఉంచుతాయి. అమెరికన్ కప్పులోకి మైదాను చెంచాతో నెమ్మదిగా వేస్తే 120 గ్రాములు పడుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాముల దాకా వస్తుంది. కేకు చేసేటప్పుడు పిండిలో నాలుగో వంతు తేడా వస్తే ఒకసారి దూదిలా, ఇంకోసారి ఇటుకలా దిగుతుంది.

బెల్లం సంగతి చెప్పనే అక్కర్లేదు. అచ్చు బెల్లం ముక్కలుగా కొడితే ఒక కప్పు, తురిమితే ఒక కప్పు, పొడి బెల్లమైతే ఇంకో కప్పు. మూడింటి బరువూ మూడు రకాలు. పైగా ఈ కప్పు కూడా ఒకటి కాదు. అమెరికాలో సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. కరెంటు రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు మామూలుగా 180, ఎందుకంటే అది జపాన్ వాళ్ల పాత బియ్యపు కొలత. టేబుల్ స్పూను మనకు 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. యూట్యూబులో వంట చెప్పేవాళ్లు ‘ఒక కప్పు’ అన్నప్పుడు, ఆ కప్పు ఏ దేశానిదో కూడా అడగాల్సి వస్తుంది.

ద్రవాలకు ఈ గొడవ లేదు, వాటిలో సందులుండవు. నీరు మిల్లీలీటరుకు ఒక గ్రాము, పాలు 1.03 గ్రాములు. అయితే వేడికి ద్రవాలూ సాగుతాయి. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర సుమారు 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే తూగుతుంది. కొన్ని కంపెనీలు ప్యాకెట్ల మీద ఇంత ఉష్ణోగ్రత దగ్గర లీటరు అని రాస్తుండటంతో, ఆ ఉష్ణోగ్రత తీసేసి లీటర్లతో పాటు బరువు కూడా తప్పక ముద్రించాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో చెప్పింది. ఇప్పుడు నూనె ప్యాకెట్ తిప్పి చూస్తే లీటరు పక్కన 910 గ్రాములని కనిపించేది అందుకే.

సోల, తవ్వ, వీశె

ఇన్ని తేడాలుంటే మన పెద్దలు కొలతలతో ఎలా నెట్టుకొచ్చారు? వాళ్లకు కొలతా ఉంది, తూకమూ ఉంది. ధాన్యానికి, పప్పులకు గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. బెల్లానికి, చింతపండుకు, మిరపకాయలకు పలం, శేరు, వీశె, మణుగు. అయిదు శేర్లు వీశె, అంటే సుమారు 1.4 కిలోలు. ఎనిమిది వీశెలు మణుగు. గింజల్లా జారి సర్దుకునేవాటిని పాత్రతో కొలిచారు. ముక్కలుగా, ముద్దగా, తేలిగ్గా ఉబ్బి ఉండేవాటిని తూచారు. ఈ విభజన వెనుక ఉన్న ఎరుక చిన్నదేమీ కాదు.

వంటింట్లో పాత్ర కొలత పనిచేయడానికి ఇంకో కారణం ఉంది. గిన్నె మారలేదు, ఉప్పు మారలేదు, బియ్యం వచ్చే పొలం మారలేదు, కొలిచే చెయ్యీ మారలేదు. ఇన్ని మారకుండా ఉన్నచోట గాలి పాలు కూడా మారదు. ఇల్లు దాటితేనే చిక్కు. శేరు అనే మాటకు మద్రాసు లెక్కలో 24 తులాలు, ఉత్తరాదిన 80 తులాలు. అంటే ఒకచోట 280 గ్రాములు, ఇంకోచోట 933. ఈ గందరగోళాన్ని తీర్చడానికే 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలో రాళ్లు అంగళ్లలోకి చేరాయి, 1962కల్లా తప్పనిసరి అయ్యాయి.

అమెరికా దారి వేరు. అక్కడ బోస్టన్ వంటబడిని నడిపిన ఫానీ ఫార్మర్ 1896లో అచ్చువేసిన పుస్తకంలో ప్రతి కప్పునూ, ప్రతి చెంచానూ పైన గీసి సమం చేయాలని పట్టుబట్టింది. గుప్పెడు, చిటికెడు మాటలతో పోలిస్తే అది పెద్ద ముందడుగే. ఆ పుస్తకం ఇల్లిల్లూ చేరడంతో కప్పు లెక్క అక్కడ పాతుకుపోయింది. ఐరోపా వంటిళ్లు తూకాన్నే పట్టుకున్నాయి. ఇంటర్నెట్ వంటల్లో మనకు రెండూ కలగాపులగంగా వస్తున్నాయి.

పళ్లెం కింద ఏముంది

కొన్ని వందల రూపాయలకు దొరికే వంటింటి కాటాను విప్పి చూస్తే, మధ్యలో వేలెడంత అల్యూమినియం కడ్డీ కనిపిస్తుంది. ఒక కొస కింది చట్రానికి, రెండో కొస పైన పళ్లేనికి బిగించి ఉంటుంది. కడ్డీ నడుమ రెండు గుండ్రటి రంధ్రాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఉంటాయి. దీన్ని లోడ్ సెల్ అంటారు. పళ్లెంలో బరువు పెట్టగానే ఈ కడ్డీ వంగుతుంది, కంటికి కనిపించనంత కొద్దిగా. రంధ్రాల పక్కన లోహం పలచగా ఉంటుంది కాబట్టి ఆ వంపు అంతా అక్కడే పోగవుతుంది.

సరిగ్గా అక్కడే సన్నటి లోహపు రేకుతో గీసిన మెలికల తీగను అంటిస్తారు. అదే స్ట్రెయిన్ గేజ్. సాగితే తీగ పొడవు పెరిగి, సన్నబడి, విద్యుత్తుకు అడ్డు పెరుగుతుంది. నొక్కుకుపోతే తగ్గుతుంది. కాటాను నిండా బరువుతో నింపినా 350 ఓమ్‌ల తీగలో మార్పు ఒక ఓమ్ కూడా ఉండదు. 1938లో అమెరికాలో ఇద్దరు ఒకరికొకరు తెలియకుండా దీన్ని కనిపెట్టారు. కాల్టెక్‌లో ఎడ్వర్డ్ సిమన్స్, ఎం.ఐ.టి.లో ఆర్థర్ రూజ్. రూజ్ అప్పుడు భూకంపం వస్తే ఎత్తయిన నీళ్ల ట్యాంకులు ఎంత ఒత్తిడికి లోనవుతాయో చూస్తున్నాడు. ఆ పరిశోధన కొన ఇప్పుడు మన పప్పు తూస్తోంది.

అంత చిన్న మార్పును పట్టుకోవడానికి నాలుగు నిరోధాలను చతురస్రంగా కలిపే వీట్‌స్టన్ బ్రిడ్జి కావాలి. 1833లో శామ్యూల్ క్రిస్టీ ఆలోచన అది, పదేళ్ల తర్వాత చార్లెస్ వీట్‌స్టన్ ప్రచారంలోకి తేవడంతో ఆయన పేరు నిలిచింది. అయిదు కిలోల కాటాకు 3 వోల్టుల బ్యాటరీ అనుకుందాం. నిండు బరువుకు బ్రిడ్జి నుంచి వచ్చేది 3 మిల్లీవోల్టుల వంటిది. అంటే ఒక్క గ్రాముకు వోల్టులో పది లక్షల వంతు కూడా రాదు. లోపలి చిప్ దాన్ని పెంచి, అంకెగా మార్చి తెర మీద చూపుతుంది.

కడ్డీలో ఆ రంధ్రాల ఆకారం ఊరికే పెట్టింది కాదు. దానివల్ల కడ్డీ పై అంచూ కింది అంచూ ఎప్పుడూ సమాంతరంగా కదులుతాయి. అందుకే గిన్నెను పళ్లెం మధ్యలో పెట్టినా, ఓ పక్కకు పెట్టినా దాదాపు ఒకే బరువు చూపుతుంది. 1669లో ఫ్రెంచి గణితవేత్త రోబెర్వాల్ చేసిన త్రాసులో ఉన్నది ఈ కిటుకే. కిరాణా కొట్లలో పళ్లేలు పైకి ఉండే పాత కాటా ఆ త్రాసు వంశమే.

ఆ పాత కాటాకూ దీనికీ ఒక తేడా ఉంది. రాళ్లు వేసి తూచే కాటా ఒక బరువును ఇంకో బరువుతో పోలుస్తుంది, ఏ ఊళ్లో అయినా ఒకటే చెబుతుంది. లోడ్ సెల్ మాత్రం భూమి లాగే బలాన్ని కొలుస్తుంది. ఆ బలం ధ్రువాల దగ్గర ఎక్కువ, భూమధ్యరేఖ దగ్గర తక్కువ. లండన్‌లో సరిచేసిన కాటాను తెచ్చి హైదరాబాద్‌లో కిలో రాయి పెడితే 997 గ్రాములు చూపించాలి. వంటకు ఆ 3 గ్రాములు లెక్కలోవి కావు, బంగారం కొట్లో అయితే ఊరుకోరు.

వంటవాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. కాటా మీద గిన్నె పెట్టి, టేర్ నొక్కి సున్నా చేసి, ఉప్పును కొద్దికొద్దిగా చల్లండి. చాలా కాటాలు అలాగే సున్నా దగ్గర నిలబడిపోతాయి. లోపలి తీగలు వేడికి, చలికి కాస్త అటూ ఇటూ జరుగుతుంటాయి కాబట్టి, నెమ్మదిగా వచ్చే చిన్న మార్పును కాటా తన లోపమేననుకుని మళ్లీ సున్నాకు సర్దేసుకుంటుంది. మీరు చల్లిన ఉప్పును కూడా అలాగే మింగేస్తుంది. దీనికి మందు సులువు. ఉప్పు డబ్బానే కాటా మీద పెట్టి సున్నా చేసి, అందులోంచి చెంచాతో తీయండి. తీసినంత మైనస్ గుర్తుతో తెర మీద కనిపిస్తుంది. జిడ్డుగా అంటుకునే తేనె, నెయ్యి కూడా ఇలా తీస్తే గిన్నెకు అంటుకుని వృథా అయ్యే బాధ ఉండదు.

దిద్దుకోలేని వంటలు

తూచే పరికరం చేతికి రాగానే అన్నీ తూచాలనిపిస్తుంది. అక్కర్లేదు. పప్పులో ఉప్పు తగ్గితే వేస్తాం, పులుసు చిక్కబడితే నీళ్లు పోస్తాం. పొయ్యి మీద ఉన్నంతసేపూ నాలుక చెబుతూనే ఉంటుంది. కాటా అవసరమయ్యేది నాలుక చెప్పేసరికి చెయ్యి దాటిపోయే వంటల్లో. నిలవ పచ్చళ్లు, పాకం, అరిసెలు, కేకులు, రొట్టెలు ఆ కోవలోవి.

తిరుమల పోటు ఇందుకు అన్నిటికన్నా మంచి ఉదాహరణ. స్వామికి నివేదన కాకముందు వంటవాళ్లు రుచి చూడరు. అంటే నాలుకతో దిద్దుకునే దారి మొదటే మూసుకుపోయింది. ఇక మిగిలింది పాళ్లే. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులు, కలకండ ఏది ఎంత పడాలో కిలోల్లో నిర్ణయించిన పట్టికను దిట్టం అంటారు. 5,100 లడ్డూలకు ఇంత అన్నది దాని లెక్క. రోజుకు లక్షల్లో లడ్డూలు చేస్తున్నా ఒకే రుచి నిలవడానికి ఈ తూకమే ఆధారం. పండగనాడు ఇంట్లో నైవేద్యం వండేవాళ్లదీ చిన్న ఎత్తున ఇదే పరిస్థితి.

ఇప్పుడు ఆవకాయ దగ్గరికి వద్దాం. లెక్క కోసం కిలో ముక్కలకు 150 గ్రాముల ఉప్పు అనుకుందాం. మామిడికాయలో ఎక్కువ భాగం నీరే. టెంక పోను కిలో ముక్కల్లో సుమారు 800 గ్రాముల నీరు ఉంటుందనుకుంటే, ఊరిన తర్వాత ఆ ఊటలో ఉప్పు 16 శాతం. అదే గిన్నెతో రేకుల ఉప్పు కొలిచి 75 గ్రాములే పడితే 9 శాతం లోపు. ఉప్పు పని రుచి ఇవ్వడంతో ఆగదు. నీటి అణువులను తన చుట్టూ కట్టిపడేసి, సూక్ష్మజీవులకు నీరు అందకుండా చేస్తుంది. ఇలా ఎంత నీరు స్వేచ్ఛగా మిగిలిందో చెప్పే అంకె వాటర్ యాక్టివిటీ. మంచినీటికి అది 1. ఎక్కువ రకాల బ్యాక్టీరియా 0.91 కిందికి దిగితే పెరగలేవు. 16 శాతం ఊటలో అది 0.9 కన్నా తక్కువకు దిగుతుంది, 9 శాతం దగ్గర 0.94 చుట్టూ ఉండిపోతుంది. మామిడి పులుపు, ఆవ ఘాటు, గాలి తగలకుండా పైన తేలే నూనె కూడా కాపాడతాయి. కానీ ముఖ్యమైన కావలి ఉప్పుదే. అందుకే ముక్కలను, ఉప్పును తూచండి. కారం మీ ఇష్టం.

పాకంలో తూకం చెప్పే సంగతి ఇంకా ముచ్చటైనది. పంచదార పాకం కాగుతున్నంతసేపూ జరిగేది నీరు ఆవిరైపోవడమే. వేళ్ల మధ్య తీగ సాగే దశలో పాకంలో 80 శాతం చక్కెర ఉంటుంది. నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టే దశలో 85 శాతం. కిలో పంచదార పోసి ఉంటే మొదటి దశలో పాకం మొత్తం బరువు 1,250 గ్రాములు, రెండో దశలో సుమారు 1,175. తీగపాకానికీ ఉండపాకానికీ మధ్య ఉన్న దూరం 75 గ్రాముల నీరు. దించుదామా, ఇంకాసేపు ఉంచుదామా అని తేల్చుకునే ఆ నిమిషంలో పోయేది ఇంతే. ఖాళీ మూకుడు బరువు ముందే రాసిపెట్టుకుంటే మధ్యలో దించి తూచి చూడొచ్చు. వేడి మూకుడును నేరుగా కాటా మీద పెట్టకూడదు. చెక్క పలక వేసి, దాన్ని సున్నా చేసుకుని పెట్టాలి. బెల్లంలో తేమ, ఇతర చక్కెరలు కూడా ఉంటాయి కాబట్టి ఈ అంకెలే దానికి సరిపోవు. బాగా కుదిరిన రోజు ఎంత తూగిందో రాసుకుంటే అదే మీ కొలబద్ద.

అరిసెల పిండి తడి కూడా తూకానికి దొరుకుతుంది. మామూలు బియ్యంలో 12, 13 శాతం తేమ ఉంటుంది. నానబెట్టి వడకడితే 30 శాతం దగ్గరికి వస్తుంది. కిలో బియ్యం కిలోంబావు అవుతుంది. పిండి ఆడించి, ఫ్యాన్ కింద వదిలేసి ఇంకేదో పనిలో పడితే నీరు ఎగిరిపోతుంది. మళ్లీ తూచినప్పుడు వంద గ్రాములు తగ్గితే పిండి ఆ మేరకు ఆరిపోయిందన్నమాట, పాకాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. ‘పిండి తడి తడిగా ఉండాలి’ అని పెద్దవాళ్లు ముద్ద పట్టి చూసి చెప్పే మాటకు అది అంకె.

కాటాకు తెలియనివి

కాటాకు తెలిసేది బరువొక్కటే. వంద గ్రాముల గుంటూరు కారం, వంద గ్రాముల బ్యాడిగి కారం దానికి ఒకటే, నోటికి కాదు. కాయ పులుపు, చింతపండు పాతదనం, వెల్లుల్లి ఘాటు దాని తెర మీదికి రావు. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగి గిన్నె అంచుకు వచ్చినా, తూచి చూస్తే బరువు ఇంచుమించు నిన్నటిదే. లోపల పుట్టిన వాయువు చోటు ఆక్రమిస్తుంది గానీ తూగదు. పులిసిందో లేదో కన్నూ ముక్కూ చెప్పాల్సిందే.

మరీ కొద్ది మోతాదుల దగ్గర కూడా దాన్ని నమ్మకూడదు. తెర మీద గ్రాము గ్రాముకూ అంకె మారినంత మాత్రాన అంత కచ్చితంగా తూస్తోందని కాదు. ఇంగువ, మెంతులు, సోడా ఉప్పు 2 గ్రాములు కావాలంటే, గ్రాము అటూ ఇటూ అయ్యే కాటా కన్నా సమంగా గీసిన చెంచాయే మేలు. ఎప్పుడూ ఒకే డబ్బా, ఒకే చెంచా వాడితే సరి. మరీ అవసరమైతే గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటాలు విడిగా దొరుకుతాయి.

కొన్న కాటా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం కష్టమేమీ కాదు. పది రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములు, పది నాణేలు కలిపి పెడితే 77 దగ్గర రావాలి. అర లీటరు పాల ప్యాకెట్ 515 గ్రాముల పైన కొద్దిగా తూగాలి. కాటాను గట్టి గట్టు మీద పెట్టండి, గుడ్డ మీద వద్దు. వెడల్పాటి పళ్లెం పెట్టి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపండి. ఆ గాలి కూడా పళ్లేన్ని నొక్కుతుంది, అంకె ఆడుతూనే ఉంటుంది.

అన్నం లెక్క, ఉప్పు లెక్క

షుగర్ ఉన్నవాళ్లకు కాటా ఇంకో రకంగా అక్కరకొస్తుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ చేరిన జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలకు పోషక విలువల పట్టిక వెలువరించింది. అందులో ప్రతి అంకె వంద గ్రాములకే, కప్పుకు ఇంత అని ఉండదు. దాని ప్రకారం వంద గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 78 గ్రాముల పిండి పదార్థం. వండితే ఆ బియ్యం రెండున్నర నుంచి మూడింతలు అవుతుంది, ఎన్ని నీళ్లు పోస్తే అంత. కాబట్టి కప్పు అన్నంలో ఎంత ఉందో ఎవరూ మీకు కచ్చితంగా చెప్పలేరు. బియ్యాన్ని తూచి, వండిన అన్నాన్ని తూచి భాగిస్తే మీ ఇంటి లెక్క వస్తుంది. వంద గ్రాముల బియ్యం 280 గ్రాముల అన్నమైతే, కంచంలో 200 గ్రాముల అన్నానికి పిండి పదార్థం 56 గ్రాములు.

ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పూట పూటా కూరలో తూచడం కుదిరే పని కాదు. నెల మొదట్లో ఉప్పు డబ్బాను, నెలాఖరున మళ్లీ తూచితే చాలు. నలుగురున్న ఇంట్లో 600 గ్రాములు దాటిందంటే, పచ్చళ్లు, అప్పడాలు, బయటి తిండి కలపకముందే హద్దు దాటినట్టు.

చేతి లెక్కను రాసుకోవాలంటే

‘అమ్మా, ఉప్పెంత?’ అని అడిగితే ‘చూసుకుని వేసుకో’ అనే జవాబు ఎక్కువ ఇళ్లలో వస్తుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. చేతికి వచ్చినంత వేయడం ఆమెకు తెలుసు, అది ఎంతో ఎప్పుడూ అడగలేదు. ఆమె చేతికి కొలత చెంచా ఇచ్చి లెక్కగట్టబోతే చెయ్యి తడబడుతుంది. దానికి బదులు వంట మొదలుపెట్టే ముందు ఉప్పు, కారం, ఆవపిండి డబ్బాలను, నూనె గిన్నెను, బెల్లం పొట్లాన్ని విడివిడిగా తూచి కాగితం మీద రాయండి. ఆమెను ఆమె పద్ధతిలో చేయనివ్వండి. అయ్యాక అవే మళ్లీ తూచండి. తేడాయే ఆమె పాళ్లు. ఒకే వంటకు రెండు మూడు సార్లు ఇలా చేస్తే ఏది ఎప్పుడూ ఒకేలా పడుతోందో, ఏది కాయను బట్టి, రోజును బట్టి మారుతోందో తెలిసిపోతుంది. మారనివాటిని గ్రాముల్లో రాసుకోండి. మారేవాటి పక్కన ‘రుచి చూసి’ అని రాయండి. డాలస్‌కు పంపాల్సిన కాగితం అది, గిన్నెల లెక్క కాదు.